లావుగా ఉన్న తల్లికి నలుగురి తోడు

ఇంట్లో కోడలు నెల తప్పింది అంటే అందరికీ సంతోషమే. కానీ కొందరు ఆడవాళ్ళకు ఆ సంతోషంలోనే ఒక బెంగ ఉంటుంది. "నేను లావుగా ఉన్నాను. నాకు కాన్పు ఎలా అవుతుందో! ఆస్పత్రిలో ఏమంటారో!" అని లోలోపల కుమిలిపోతారు. ఎవరికీ చెప్పుకోరు. తూకం మిషను ఎక్కాలంటే సిగ్గు. వరసలో నిలబడాలంటే సిగ్గు. ఆ సిగ్గుతో చివరికి ఆస్పత్రికి వెళ్ళడమే మానేస్తారు.

పెద్ద ప్రమాదం అక్కడే ఉంది. బరువు ఎక్కువైతే వచ్చే చిక్కులను ముందుగా పట్టుకోవచ్చు. చాలా వాటిని కాచుకోవచ్చు. పరీక్షలే మానేస్తే చిక్కు ముదిరేదాకా తెలియదు.

ఇది ఒకరిద్దరి సంగతి కాదు. 2019 నుంచి 2021 వరకు దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 100 మంది ఆడవాళ్ళలో 36 మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. తెలంగాణలో 100కి 30 మంది. అంటే ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఒక అరుగు మీద కూర్చుంటే వాళ్ళలో ఒకరి సంగతి ఇది.

బరువు ఎక్కువో కాదో ఎలా తెలుస్తుంది?

కంటితో చూసి చెప్పలేం. పొడుగు మనిషి బరువు వేరు. పొట్టి మనిషి బరువు వేరు. అందుకే డాక్టర్లు ఎత్తునూ బరువునూ కలిపి ఒక లెక్క వేస్తారు. దానిని బి.ఎం.ఐ. అంటారు. ఈ లెక్క మనమూ వేయొచ్చు.

ఒక ఆమె ఎత్తు 150 సెంటీమీటర్లు. అంటే ఒకటిన్నర మీటరు. బరువు 72 కిలోలు.

ముందు ఎత్తును ఎత్తుతో హెచ్చవేయాలి.
1.5 × 1.5 = 2.25
తరువాత బరువును దానితో భాగించాలి.
72 ÷ 2.25 = 32

ఆమె బి.ఎం.ఐ. 32.

మన దేశపు ఆడవాళ్ళకు 23 లోపు ఉంటే మంచిది. 25 దాటితే బరువు ఎక్కువ. 30 దాటితే చాలా ఎక్కువ. 18న్నర కంటే తగ్గితే మరీ బక్కపలచన. అదీ మంచిది కాదు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ లెక్కకు కడుపు రాకముందు ఉన్న బరువు కావాలి. అది తెలియకపోతే మొదటి మూడు నెలల్లో తూచిన బరువు తీసుకోవచ్చు. ఏడో నెలలో తూచి లెక్క వేస్తే సరిగా రాదు. అప్పటికి బిడ్డ బరువు, ఉమ్మనీరు, మాయ బరువు కూడా కలిసిపోతాయి. అందుకే నెల తప్పిన వెంటనే పేరు రాయించుకోవాలి. ఆ రోజే ఎత్తు, బరువు చూపించుకోవాలి.

లావు ఎవరి తప్పు?

"తిని కూర్చుంటే లావెక్కదా?" అని నలుగురూ తేలిగ్గా అనేస్తారు. ఆ మాట నిజం కాదు. లావుకు చాలా కారణాలు ఉంటాయి. కొందరికి తల్లి నుంచి, తండ్రి నుంచి ఆ ఒళ్ళు వస్తుంది. కొందరికి మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగా పని చేయదు. కొందరికి మొదటి కాన్పులో పెరిగిన బరువు తగ్గకుండా ఉండిపోతుంది.

మన తిండి కూడా మారింది. ఒకప్పుడు జొన్నలు, రాగులు, సజ్జలు తిన్నాం. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. పప్పు, గుడ్డు, కూరగాయలు కొనాలంటే డబ్బు కావాలి. అన్నం, నూనె, పంచదార కడుపు నింపుతాయి. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది పారేయలేక తినేది కూడా ఆడవాళ్ళే. ఒకప్పుడు రోట్లో దంచేవాళ్ళం. తిరగలి తిప్పేవాళ్ళం. ఇప్పుడు మిల్లు వచ్చింది. కష్టం తగ్గింది. మంచిదే. కానీ ఒంటికి కదలిక కూడా తగ్గింది.

కాబట్టి లావుగా ఉండడం నేరం కాదు. సిగ్గుపడాల్సిన పనీ కాదు. జాగ్రత్త పడాల్సిన సంగతి, అంతే.

ఏమేం చిక్కులు రావొచ్చు?

బరువు ఎక్కువున్న తల్లులందరికీ చిక్కులు రావు. చాలామంది క్షేమంగా కంటారు. అయితే మిగతావాళ్ళ కంటే వీళ్ళకు కొన్ని చిక్కులు ఎక్కువగా వస్తాయి. అవేమిటో తెలిసి ఉండాలి.

ఒకటి, బి.పి. కడుపుతో ఉన్నప్పుడు బి.పి. 140/90 కి చేరితే జాగ్రత్త పడాలి. అది ముదిరితే ఫిట్స్ వస్తాయి. పెద్దవాళ్ళు దీన్ని గుర్రపువాతం అంటారు. దయ్యం పట్టిందని కొందరు భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. ఇది దయ్యం కాదు. బి.పి. వల్ల వచ్చే జబ్బు. ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది.

రెండు, షుగరు. అంతకు ముందు షుగరు లేనివాళ్ళకు కూడా కడుపుతో ఉన్నప్పుడు రావొచ్చు. దానివల్ల బిడ్డ కడుపులో మరీ పెద్దదవుతుంది. కాన్పులో తల వచ్చాక భుజాలు ఇరుక్కుపోవచ్చు. పుట్టిన బిడ్డకు రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

మూడు, ఆపరేషన్. ఆపరేషన్ చేసి బిడ్డను తీయాల్సిన అవసరం వీళ్ళకు కొంచెం ఎక్కువ. కుట్లు మానడం ఆలస్యం కావొచ్చు. కాన్పు తరువాత రక్తం ఎక్కువగా పోవచ్చు.

నాలుగు, కాలి నరంలో రక్తం గడ్డకట్టడం. ఒక కాలు వాచి, నొప్పి పుట్టి, ఎర్రబడితే వెంటనే చూపించుకోవాలి.

ఇంకొక పొరపాటు మాట కూడా మనలో ఉంది. "ఆమెకేం, దిట్టంగా ఉంది. రక్తం బాగానే ఉంటుంది" అంటారు. లావుకూ రక్తానికీ సంబంధం లేదు. లావుగా ఉన్నవాళ్ళకూ రక్తం తక్కువ ఉండొచ్చు. పైన చెప్పిన సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువే. రక్త పరీక్షలో 11 కంటే తగ్గితే రక్తం తక్కువ అని లెక్క.

ఒక కోడలి సంగతి

ఒక పల్లెలో ఒక కోడలు ఉందనుకుందాం. రెండో కాన్పు. ఎత్తు 150 సెంటీమీటర్లు. బరువు 72 కిలోలు. మూడో నెలలో ఆస్పత్రికి వెళ్ళింది. తూకం మిషను ఎక్కింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు ముల్లు చూసి కిసుక్కుమన్నారు. "మిషను విరిగిపోతుందేమో" అని ఎవరో అన్నారు. ఆమె తల వంచుకుని ఇంటికి వచ్చేసింది. నాలుగో నెల వెళ్ళలేదు. అయిదో నెలా వెళ్ళలేదు. ఆశా కార్యకర్త వచ్చి పిలిస్తే "ఒంట్లో బాగానే ఉందక్కా" అని పంపేసింది.

ఆరో నెలలో మహిళా సంఘం మీటింగు జరిగింది. పొదుపు డబ్బు కట్టడానికి ఆమె వచ్చింది. సంఘం లీడరు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమ్మా, ఈ నెల బి.పి. చూపించుకున్నావా?" అని అడిగింది.

కోడలు మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పిన్నీ, నన్ను చూసి అందరూ నవ్వుతున్నారు. నేను వెళ్ళను."

లీడరు తిట్టలేదు. బోధలు చేయలేదు. "నవ్వితే నవ్వనీ. ఈసారి నీతో నేనొస్తాను. మీ వదిన కూడా వస్తుంది. ముగ్గురం కలిసి పోదాం" అంది.

అలాగే ముగ్గురూ కలిసి వెళ్ళారు. లీడరు ఆస్పత్రిలో నర్సమ్మతో నెమ్మదిగా మాట్లాడింది. "బరువు పైకి చదవొద్దమ్మా. కార్డులో రాయి, చాలు" అంది. నర్సమ్మ సరేనంది. ఆ రోజు పరీక్షలో షుగరు 156 ఉందని తేలింది. ఆమెకు ఒంట్లో ఏ బాధా లేదు. దాహం లేదు, నీరసం లేదు. పరీక్ష చేయకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

రెండు వారాలు తిండి మార్చుకోమన్నారు. రోజూ నడవమన్నారు. షుగరు దిగింది. తొమ్మిదో నెలలో బి.పి. కొంచెం పెరిగింది. ముందే చూసుకున్నారు కాబట్టి పెద్దాస్పత్రికి పంపారు. అక్కడ ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా ఇల్లు చేరారు.

ఇక్కడ ఆమెకు మందుల కంటే ముందు దొరికింది ఏమిటి? తోడు. ఆ తోడు లేకపోతే మందుల దాకా వెళ్ళేదే కాదు.

ఏమేం పరీక్షలు చేయించుకోవాలి?

ప్రతిసారీ బరువు, బి.పి., రక్తం, మూత్రం చూపించుకోవాలి. కార్డులో రాయించుకోవాలి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. అంకెలు కూడా వచ్చు. కార్డులో ఏం రాశారో మీరే చదువుకోండి. పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత అని పోల్చి చూసుకోండి.

బి.పి. చూసేటప్పుడు చేతికి ఒక పట్టీ చుడతారు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బి.పి. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. "పెద్ద పట్టీ ఉందా అమ్మా?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

షుగరు పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగిస్తారు. రెండు గంటల తరువాత రక్తం తీస్తారు. 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే షుగరు ఉన్నట్టు. అన్నం తిని వచ్చినా ఈ పరీక్ష చేయొచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకసారి చేయించుకోవాలి. అప్పుడు లేకపోయినా ఆరో నెల దాటాక ఇంకోసారి చేయించుకోవాలి. షుగరు దిగకపోతే డాక్టరు మందు గానీ ఇన్సులిన్ సూది గానీ ఇస్తారు. ఇన్సులిన్ అంటే భయపడొద్దు. దానివల్ల బిడ్డకు హాని లేదు. షుగరును అలాగే వదిలేస్తేనే హాని.

మాత్రలు మానకూడదు. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. బిడ్డ మెదడు, వెన్నెముక సరిగా ఏర్పడడానికి అది అవసరం. బరువు చాలా ఎక్కువుంటే డాక్టరు పెద్ద మోతాదు రాయొచ్చు. నాలుగో నెల నుంచి రోజూ ఒక ఐరన్ మాత్ర, రెండు కాల్షియం మాత్రలు. ఐరనూ కాల్షియమూ కలిపి మింగకూడదు. ఒకటి ఒక పూట, ఇంకొకటి ఇంకో పూట వేసుకోవాలి. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకూడదు.

ఏం తినాలి? ఎంత తినాలి?

కడుపుతో ఉన్నప్పుడు బరువు తగ్గాలని పస్తులు ఉండకూడదు. ఉపవాసాలు వద్దు. బరువు తగ్గించే పొడులు, మందులు అసలే వద్దు. అలాగని "ఇద్దరి తిండి తినాలి" అన్న మాట కూడా పట్టుకోవద్దు. బరువు మామూలుగా ఉన్న తల్లి మొత్తం నెలల్లో సుమారు 10 కిలోలు పెరగాలి. బి.ఎం.ఐ. 30 దాటిన తల్లి 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలు.

కంచంలో అన్నం తగ్గించండి. పప్పు, కూర పెంచండి. మూడుసార్లు కడుపు నిండా తినే బదులు అయిదారుసార్లు కొంచెం కొంచెం తినండి. జొన్నరొట్టె, రాగి సంకటి మంచివి. తోటకూర, మునగాకు, గోంగూర, బెండకాయ తినండి. ఉడకబెట్టిన గుడ్డు, శనగ గుగ్గిళ్ళు, మజ్జిగ తీసుకోండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు, పప్పు మీకోసం ఇచ్చినవే. ఇంట్లో పిల్లలకు పంచేసి మీరు మానుకోవద్దు.

పంచదార ఎక్కువేసిన టీ, కూల్‌డ్రింకులు, బజ్జీలు, బేకరీ తిండి తగ్గించండి. సీమంతానికి పుట్టింటివాళ్ళు చలిమిడి, స్వీట్లు తెస్తారు. ప్రేమతో తెచ్చినవి కాదనలేం. షుగరు లేకపోతే కొంచెం నోట్లో వేసుకుని మిగతాది నలుగురికీ పంచండి. షుగరు ఉంటే మాత్రం డాక్టరు చెప్పినట్టే చేయండి.

రోజూ అరగంట నడవండి. ఒకేసారి కుదరకపోతే మూడుసార్లు పది నిమిషాలు నడవండి. మాట్లాడుతూ నడవగలిగేంత నెమ్మదిగా నడిస్తే చాలు. ఆయాసం వచ్చినా, రక్తం కనిపించినా ఆపేయండి. డాక్టరు నడవొద్దంటే నడవొద్దు. ఏడో నెల నుంచి వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి.

ఎవరి తోడు దొరుకుతుంది?

ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది. ఎ.ఎన్.ఎం. ఉంది. అంగన్‌వాడీ టీచరు ఉంది. పేరు రాయడం, కార్డు ఇవ్వడం, మాత్రలు ఇవ్వడం, ఆస్పత్రికి తోడు రావడం వీళ్ళ పని. మొహమాటపడకుండా అడగండి.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. నాలుగో నెల వచ్చినప్పటి నుంచి ఆ రోజు వెళ్ళొచ్చు. చిక్కులు ఉన్న తల్లులను గుర్తించడానికే ఆ రోజు పెట్టారు. 9వ తేదీని క్యాలెండరులో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.

సర్కారు ఆస్పత్రిలో కాన్పుకు డబ్బు కట్టనక్కర లేదు. ఆపరేషన్ అయినా అంతే. మందులు, పరీక్షలు, రక్తం, తిండి, ఇంటికి చేర్చే బండి, అన్నీ ఉచితం. 2011లో వచ్చిన పథకంలో ఈ హక్కు ఉంది.

ఇంట్లోవాళ్ళ తోడు అన్నిటికంటే ముఖ్యం. భర్త ఒక్కసారైనా ఆస్పత్రికి వెంట వెళ్ళాలి. డాక్టరు చెప్పింది తన చెవులతో వినాలి. అత్తగారు "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అనకుండా కోడలికి ఒక పూట పని తగ్గించాలి. అన్నం ముందు కడుపుతో ఉన్న మనిషికి పెట్టాలి. ఇంట్లో ఎవరూ ఆమె ఒళ్ళు చూసి ఎగతాళి చేయకూడదు. ఎగతాళి మాటతో ఒక్క కిలో కూడా తగ్గదు. మనసు మాత్రం విరిగిపోతుంది.

ఆస్పత్రిలో ఎవరైనా చులకనగా మాట్లాడితే భయపడొద్దు. "మా ఒళ్ళు సంగతి మాకు తెలుసమ్మా. జాగ్రత్తలు చెప్పండి, వింటాం" అని మర్యాదగా అనండి. వెంట ఇంకొకరు ఉంటే ఆ మాట అనడం తేలిక. అందుకే ఒంటరిగా వెళ్ళొద్దు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగొద్దు

- తల పగిలిపోయేంత నొప్పి
- కళ్ళు మసకబారడం, మెరుపులు కనిపించడం
- ముఖం, చేతులు వాయడం
- పొట్ట పైభాగంలో నొప్పి
- ఫిట్స్
- రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం
- బిడ్డ కదలిక తగ్గడం
- ఒక కాలు వాచి నొప్పి పుట్టడం
- ఊపిరి ఆడకపోవడం

వెంటనే 108కి ఫోన్ చేయండి. రాత్రి అయినా, పండుగ అయినా ఆగొద్దు.

బరువు ఎక్కువున్న తల్లి ఇంటి దగ్గర కాన్పు చేయించుకోకూడదు. ఆపరేషన్, రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆస్పత్రిలోనే కాన్పు కావాలి. ఏ ఆస్పత్రికి వెళ్ళాలో ఎనిమిదో నెలలోనే అడిగి తెలుసుకోండి. వెంట ఎవరు వస్తారో, ఇంట్లో పెద్ద పిల్లలను ఎవరు చూస్తారో కూడా ముందే అనుకోండి.

కాన్పు తరువాత

బిడ్డ పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. లావుగా ఉన్న కొందరు తల్లులకు పాలు పడడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావొచ్చు. "పాలు లేవు" అని డబ్బా పాలు మొదలుపెట్టొద్దు. బిడ్డకు మాటిమాటికీ రొమ్ము అందిస్తే పాలు పడతాయి. బిడ్డను సరిగ్గా పట్టుకోవడం నర్సమ్మ చూపిస్తుంది.

బాలింతను కదలకుండా మంచం మీదే ఉంచకూడదు. డాక్టరు చెప్పగానే లేచి నాలుగడుగులు వేయాలి. అలా చేస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. షుగరు వచ్చిన తల్లి ఆరు వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. తరువాత కూడా ఏటా ఒకసారి చూపించుకోవాలి. ఒకసారి వచ్చి పోయిన షుగరు ముందు ముందు మళ్ళీ రావొచ్చు.

బరువు తగ్గడానికి అసలు సమయం కాన్పు తరువాత వస్తుంది. తొందర వద్దు. మెల్లగా తగ్గినా మేలే. ఇంకో బిడ్డ కావాలనుకుంటే కొన్నాళ్ళు ఆగి, కొంత బరువు తగ్గాక అనుకోవడం మంచిది.

చర్చించండి

1. మీ ఊళ్ళో లావుగా ఉన్న గర్భిణిని చూసి ఎవరెవరు ఏమంటారు? ఆ మాటల వల్ల ఆమె ఏం చేస్తుంది?
2. మీ ఎత్తు, బరువు తెలుసుకోండి. మీ బి.ఎం.ఐ. లెక్క వేయండి.
3. వచ్చే 9వ తేదీన మీ సంఘం నుంచి ఎవరికి ఎవరు తోడు వెళ్తారు? పేర్లు రాసి పెట్టుకోండి.